నల్లనూనె పొగ

రెండో నికెల్ దిమ్మ కూడా సుత్తి కింద పగిలిన రోజు, అరాక్ పట్నపు కార్ఖానాలో సుత్తిపని మేస్త్రీ ఉస్తా ఖొద్రత్ పెనం మీద దిష్టి తీసే ఎస్ఫంద్ గింజలు చిటపటలాడించి ధూపం వేశాడు.

"దిష్టి తగిలింది, ఇంజనీరు ఖానుం! ఇన్నేళ్ళూ ఉక్కు నా మాట విన్నది. ఈ నికెల్ మొండిదానికేం మాయరోగం?"

ఇంజనీరు గీతీ నవ్వలేదు. "పొగ మనకు తక్కువైందా, ఉస్తా?"

విద్యుత్ కేంద్రపు టర్బైను చక్రం చేయడానికి ఇక మిగిలింది ఒక్క దిమ్మ. అదీ పగిలితే తప్పు ఖొద్రత్ చేతిదేనని నివేదిక రాసి, అతణ్ణి పనిలోంచి పంపేస్తానని మేనేజరు సెపహ్‌దారీ అందరి ముందూ అన్నాడు. కానీ కొలిమి వేడి సరిగ్గానే ఉంది, ఖొద్రత్ దెబ్బలూ సరిగ్గానే పడ్డాయి. మరెందుకు పగులుతోందో చెప్పగల పుస్తకాలు ఆంక్షల అవతల ఉన్నాయి. విదేశీ పత్రికలు గీతీ చిరునామా చూడగానే తలుపు మూసేవి. దిమ్మలు తెచ్చిన దళారికి వాటి పేరు తప్ప ఏమీ తెలియదు. చివరకు ఆమె తబ్రీజ్‌లోని తన పాత ఆచార్యుడికి ఫోన్ చేసింది. ఆయన అటక మీది రష్యన్ పుస్తకం దించి, దగ్గుతూ చదివి వినిపించాడు: నికెల్ మిశ్రమాన్ని కాచే మంటలో గంధకం ఉండరాదు, అది లోహపు రేణువుల అంచుల్లోకి పాకి, వేడికి కరిగి, దెబ్బ పడగానే వాటిని విడదీస్తుంది.

"మీ కొలిమిలో ఏం మండిస్తున్నారమ్మా?"

గీతీ కిటికీలోంచి పొగగొట్టం వైపు చూసింది. చలి ముదరగానే గ్యాసును ఇళ్ళకు మళ్ళించి, కొలిమికి గంధకం నిండిన మాజూత్ అనే నల్లనూనె పెట్టారు. ఏటా చేసేదే. ఉక్కుకు ఏనాడూ ఏమీ కాలేదు గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

పుస్తకం చెప్పినంత మాత్రాన నమ్మడం ఆమెకు చేతకాదు. పగిలిన ముక్కను మెరుగుపెట్టి సూక్ష్మదర్శిని కింద ఉంచింది. రేణువుల అంచుల వెంట గంధకం పట్టిన పొర కనబడింది.

"గ్యాసు వచ్చేదాకా ఆగుదాం," అంది సెపహ్‌దారీతో.

"చలి పోయి నౌరూజ్ పండగ వచ్చేదాకా విద్యుత్ కేంద్రం ఆగుతుందా? మాజూత్ పెట్టమన్నది నేను. అంటే తప్పు నాదంటావా?"

"గంధకానిదంటాను."

"అయితే నీ గంధకాన్నే పిలిచి నివేదిక మీద సంతకం పెట్టమను!"

సంగతి విన్న ఖొద్రత్ తన అరచేతులు చూసుకున్నాడు. "అయితే నా చెయ్యి కాదన్నమాట."

"కాదు, ఉస్తా."

"ఆ మాట ఆయన నోట రావాలి, తల్లీ."

రాలేదు. పగులుతుందని తెలిసి కొట్టనన్నాడు ఖొద్రత్. చేతితొడుగులు సుత్తియంత్రం మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మధ్యాహ్నమే హాజరు పలక మీది అతని పేరు తుడిచేశారు.

శనివారం ఉదయం మరొకడు సుత్తి దించాడు. నాలుగు దెబ్బలైనా పడకముందే దిమ్మ అంచు నోరు తెరిచింది.

సెపహ్‌దారీ వంగి పగులును చూశాడు. తర్వాత, విదేశంలో లోహశాస్త్రం చదివివచ్చిన ఆ మనిషి, అందరూ వినేలా అన్నాడు: "ఖొద్రత్ కన్ను పడింది దీని మీద. ఎస్ఫంద్ వెయ్యండి."

పెనం తెచ్చారు. గీతీ దగ్గుతూ కిటికీ తెరవబోయింది. బయటి గాలి లోపలిదానికన్నా నల్లగా ఉంది.