నిన్నటి నుంచి ఖాళీ

"నర్సు స్క్రీన్ చూసి నాకు పడని మందులేవీ లేవంటోందే! పెన్సిలిన్ పడదని నిన్న చేరేటప్పుడే చెప్పానుగా," అంది ఫోన్లో అక్క.

నిన్ననే వాడకం మొదలైన ఆ ఆసుపత్రి ప్రోగ్రాం రాసింది చెల్లెలే.

"ఏ ఇంజెక్షనూ వేయించుకోకు అక్కా!"

కోడ్ తెరిచింది. రోగి వివరాలను ప్రోగ్రాం తాత్కాలికంగా పట్టుకునే పేషెంట్ ఆబ్జెక్టులో 'పడని మందులు' ఉంది. వాటిని శాశ్వతంగా దాచే డేటాబేస్ టేబుల్లో దానికో కాలమ్ కూడా ఉంది. దీన్ని తీసుకెళ్ళి అందులో పెట్టమని చెప్పే ఒక్క మ్యాపింగ్ లైనే లేదు.

మరి టెస్టింగులో అంతా భేషుగ్గా కనిపించిందే! కనిపించక ఏం చేస్తుంది? సేవ్ చేసిన వెంటనే అడిగితే, ప్రోగ్రాం టేబుల్ దాకా పోకుండా ఇంకా మెమరీలోనే ఉన్న ఆబ్జెక్టును తెచ్చి చేతిలో పెట్టింది. తను మురిసిపోయింది.

లైను రాయడానికి నిమిషం పట్టలేదు. కానీ టేబుల్లో ఆ కాలమ్ పైనుంచి కిందిదాకా ఖాళీ. నిన్న చేరినవాళ్ళు చెప్పిందేదీ ఎక్కడా లేదు. అక్క సంగతి తనకు తెలుసు. మిగతా నలభై మందికి ఏది పడదో ఎవరికి తెలుసు?

వార్డుకు ఫోన్ చేసింది. "సిస్టర్, స్క్రీన్ నమ్మకండి. ఒక్కొక్కరినీ మళ్ళీ అడగండి."

"అడుగుతాం గానీ," అంది సిస్టర్, "వాళ్ళలో ఆరుగురికి ఇప్పుడు స్పృహ లేదమ్మా."