తలుపుల్లేని అల్మారీ

మెట్‌పల్లిలో పర్శరాములు చాయ్ హోటలుకు రావడం మానేశాడంటే మొదట ఎవరూ నమ్మలేదు. చూపు మసకబారి మరమగ్గాల పని వదిలేసినప్పుడు కూడా మానని మనిషి. ఆయన్ను ఇంట్లో కూర్చోబెట్టింది చూపు కాదు, ఒక పూలచొక్కా.

దోస్తు రాజయ్య దినాలకు వంటసాయం కోసం భార్య సత్తమ్మ ముందే వెళ్లిపోయింది. ఈయన తొందర తొందరగా అల్మారీలో చెయ్యి పెట్టి, కొడుకు సాయిచంద్ అంగీ తొడుక్కున్నాడు. నూలు తనదాని లాంటిదే, కాలరూ అలాంటిదే. జన్మంతా బట్ట నేసిన చేతుల మీద ఆయనకు మహా నమ్మకం. కానీ అచ్చువేసిన పూలు చేతికి తగలవు కదా. ఎర్రమందారాలు పూసిన చొక్కాతో, ఏడుస్తున్నవాళ్ల మధ్య పోయి కూర్చున్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

సంగతి తెలిశాక మళ్లీ గడప దాటలేదు. చాయ్ దోస్తు ముత్యం మాత్రం రోజూ పొద్దున్నే వాకిట్లో నిలబడి “పర్శన్నా, వస్తున్నవా?” అని ఒక కేక వేసి, కాసేపు చూసి ఒక్కడే హోటలుకు వెళ్లిపోయేవాడు. సత్తమ్మ అంగీ తొడగబోతే పర్శరాములు చెయ్యి తోసేసేవాడు.

“నేనేమన్న చిన్నపోరన్నా? నా అంగి నేను ఏస్కోలేనినాడు, బయటికెందుకు?”

మాటకారి మనిషి మంచానికే అతుక్కుపోతాడేమోనని సత్తమ్మకు భయం పట్టుకుంది. తప్పంతా అల్మారీదేనని తేల్చింది. గోడలో మూడు అరలు, తలుపుల్లేవు, ఇంటిల్లిపాదివీ ఒకటే కుప్ప. వడ్రంగిని పిలిపిస్తే సొరుగులకూ తలుపులకూ ఒక రేటు చెప్పాడు. అది విని అతనికి మంచినీళ్లిచ్చి సాగనంపింది.

కోడలు కావ్య ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. “పాత బట్టలతోని సంచులు కుట్టి అల్మారీల వేలాడదీద్దాం అత్తమ్మా. ఒక్కోదానికి ఒక్కో రంగు పెడ్తే...” అంటూనే నాలుక కరుచుకుంది.

“రంగు కాదు బిడ్డా. చేతికి తెల్వాలె” అంది సత్తమ్మ.

పాత బట్టలు దాచిన సందుగు తెరిచింది. పాత టర్కీ తువ్వాలతో అంగీల సంచి అయింది, ముట్టుకుంటే బొచ్చుబొచ్చుగా. నేలమీద పరిచే శత్రంజి ముక్కతో లుంగీలకు, మందంగా. నున్నటి దిండు గలీబు కోయకుండానే బనియన్లకు. బొంతలో ఎలుక కొట్టని భాగం, కుట్లు కుట్లుగా తగిలేది, తువ్వాలలకు. సాయిచంద్ పూలచొక్కాలు అవతలి గదిలో చిలక్కొయ్యకు ఎక్కాయి. చివరికి మిగిలిన చద్దరు పేలికతో సత్తమ్మ చీరలకు ఒక సంచి అయిందనిపించారు. కావ్య కుడుతూ ఏదో అనబోయింది గానీ, అత్త చూపు చూసి మిషన్ తొక్కింది.

ఏది దేనికో సత్తమ్మ చెప్పినా పర్శరాములు ఆ సంచుల జోలికి పోలేదు. ఆ పొద్దూ పోలేదు, మర్నాడూ పోలేదు. సత్తమ్మకు లోపల్లోపల ఏడుపొచ్చింది.

ఆ తర్వాతి పొద్దున ముత్యం ఎప్పటిలాగే కేకేశాడు. ఇంట్లోంచి జవాబు వచ్చింది.

“జర ఆగు. అంగేస్కోని వస్త.”

బియ్యం చెరుగుతున్న సత్తమ్మ చేట పట్టుకునే సగం లేచింది. కావ్య కళ్లతోనే వద్దంది. ఆయన చెయ్యి సంచుల మీదుగా మెల్లగా జరిగింది. బొచ్చు టర్కీ సంచి దగ్గర ఆగి, లోపలికి దూరి, తెల్లంగీ తీసింది. గుండీలు పెట్టుకుని, బొంతసంచిలోంచి భుజం మీదికి తువ్వాల తీసుకున్నాడు. ఆ చెయ్యి ఇంకొంచెం ముందుకుపోయి చివరి సంచి మీద నిలిచిపోయింది.

“గిది ఎవలిది?”

“నాదే.”

వేళ్లతో అటూ ఇటూ తడిమాడు. “నిలువు పడుగు తెగింది. అడ్డం పేకలు వేలాడుతున్నయి. నాకు తువ్వాలలు, శత్రంజీలు పెట్టి, నీకు గీ పేలికనా?”

“నాకు కండ్లు కనవడ్తయి గద. ఏదైతేంది?”

పర్శరాములు ఆ పేలిక అంచును వేళ్ల మధ్య నలిపాడు. చూపున్న రోజుల్లో ఆమె ఏం కట్టిందో, ఏం కప్పుకుందో ఒక్కనాడైనా చూశానా అని గుర్తుచేసుకోబోయాడు కాబోలు, మొహం చిన్నబోయింది.

“కావ్యా, నా మంచం మీది కొత్త చద్దరు కోసి మీ అత్తమ్మ సంచి కుట్టు బిడ్డా.”

“మరి నువ్వు దేనిమీద పండుకుంటవయ్యా?” అంది సత్తమ్మ.

“నీ చద్దరుల జాగ లేదా?”

కోడలు గబగబా మొహం అటు తిప్పుకుంది. సత్తమ్మకు సిగ్గూ కోపమూ ఒక్కసారే వచ్చి, “పో పో, ముత్యం నిలబడ్డడు” అంది.

ఆయన గడప దగ్గర ఆగి, ఇన్నాళ్లూ అడగడానికి నామోషీ పడ్డ మాట అడిగాడు. “ఏమే, తెల్లదేనా?”

“తెల్లదే. మంచిగున్నవ్.”

ఇద్దరు ముసలాళ్లూ మాట్లాడుకుంటూ సందు మలుపు తిరిగేదాకా చూసి, సత్తమ్మ అల్మారీ దగ్గరికి వచ్చింది. కళ్లు మూసుకుని తన సంచి మీద చెయ్యి వేసింది. అది ఎంత చిరిగిందో అప్పుడుగానీ ఆమెకు తెలియలేదు.