కంపెనీ ఫ్రిజ్‌లో నన్నారి పాకం

ముత్తుకూరు రోడ్డులో ఎలిశబెతు కొట్టుకు అందమంతా ఆ అద్దాల ఫ్రిజ్జే. కూల్‌డ్రింక్ కంపెనీ ఊరికే ఇచ్చింది. ఊరికే అంటే, తమ సీసాలు తప్ప మంచినీళ్లు కూడా పెట్టకూడదన్న షరతు మీద. పెద్దవాళ్ల ఉచితాలు అట్లాగే ఉంటాయి మరి! ఆమె మాత్రం కింది అరలో, పెద్ద సీసాల వెనక, నన్నారి పాకం సీసా ఒకటి దాచుకుంది. పోయిన ఎండాకాలం ఆమె భర్త కృపాదానం సుగంధిపాల వేళ్లు నానబెట్టి కాచిన పాకం అది. వానలు పడ్డాక ఆయనకు ప్రభువు పిలుపొచ్చింది. అప్పటినుంచి ఆ సీసాను ఆమె అమ్మనూ లేదు, ముట్టనూ లేదు.

ఆయనున్న రోజుల్లో కొట్టు ఎంత కళకళలాడేదో! గ్లాసులో పాకం పోసి, నిమ్మకాయ పిండి, సోడా కొట్టి ఇస్తూ లారీ డ్రైవర్లను నవ్వించేవాడు.

"కంపెనీదీ పాకమే, నాదీ పాకమే. నీళ్లూ గ్యాసూ కలిపేదే గదా! వాళ్లు టీవీలో అరుస్తారు, నేను రోడ్డు మీద అరుస్తా."

ఆ మధ్యాహ్నం కంపెనీ మనిషి సుశీల్ కుమార్ తనిఖీకి వచ్చాడు. ఫ్రిజ్ ఫోటో తీయబోయి, ఆ సీసాను బయటికి లాగాడు.

"ఏందమ్మా ఇది? ఫోటోలో పడితే ఫ్రిజ్ ఎత్తుకపోతారు. ఇంట్లో పెట్టుకోండి."

"ఇంట్లో ఫ్రిజ్ ఏడుంది నాయనా? ఈ ఎండకి పులిసిపోతాది. మా ఆయన చేసిన ఆఖరి సీసా."

"నా చేతిలో ఏం లేదమ్మా," అని అతను తల వంచుకున్నాడు.

ఫ్రిజ్ పోతే కొట్టు లేదు. పాకం పులిస్తే ఆయన చేతి రుచి ఇక లోకంలోనే లేదు. ఎలిశబెతు సీసా అందుకుని గుండెకు హత్తుకుంది. తర్వాత మూత తీసింది.

"లాజరస్ అన్నా, లారీలోళ్లందర్నీ పిలువు," అంది బల్ల మీద కూర్చున్న పాత డ్రైవరుతో.

గ్లాసులు దిగాయి. నిమ్మకాయలు తెగాయి. సుశీల్ కుమార్‌కీ ఒక గ్లాసు అందింది. అతను ఫోన్ జేబులో పెట్టేసి తాగాడు. సీసా ఖాళీ అయ్యాక లాజరస్ ఆఖరి గ్లాసు ఆమె చేతిలో పెట్టాడు.

"నువ్వు తాగలేదే చెల్లెమ్మా."

ఒక్క గుక్క తాగిందో లేదో, ఎలిశబెతు మొహం చిట్లించింది.

"నెత్తీ నోరూ బాదుకొని చెప్పినా వినడీ మనిషి! చూడన్నా, మళ్లీ చక్కెర ఎక్కువేసినాడు!" అంటూ, కళ్లు తుడుచుకోకుండానే గ్లాసంతా తాగింది.