ఏమీ అనిపించని ఫోటోలు

"ఒక్క నిమిషం కదలకు సిల్కె" అన్నాడు ఫోల్కర్, వంటింటి గుమ్మంలో నిలబడి.

ఆదివారం మధ్యాహ్నం. సిల్కె ఇస్త్రీ చేస్తోంది. వారమంతా ఇంటి ముంగిట వైన్ కొట్లో బల్లల మీద పరిచిన గుడ్డలు, ఏప్రన్లు, ఫోల్కర్ చొక్కాలు, వాటి కింద మామగారి చేతిరుమాళ్ళు. ఆయన పోయి ఏళ్ళయినా ఆ రుమాళ్ళు నెలకోసారి ఉతికి ఇస్త్రీ చేసి బీరువాలో పెట్టాల్సిందే, అత్తగారి ఆజ్ఞ. తలెత్తి చూస్తే భర్త చేతిలో ఫోన్, ఫోన్ కన్ను తన వైపు. సిల్కె చేయి దానంతటదే జుట్టు మీదికి పోయింది. ఎగిరిన వెంట్రుకల్ని చెవి వెనక్కి తోసుకుని నవ్వింది. ఫోన్ క్లిక్ మంది. అతను ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆమె ఇస్త్రీపెట్టె ఎత్తి పట్టుకుని అలాగే ఉండిపోయింది. తనకు ఫోటో తీసి ఎన్నాళ్ళయింది? పెళ్ళయిన కొత్తలో ద్రాక్షతోటలో తను ట్రాక్టర్ నడుపుతుంటే ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ తీశాడొకసారి. ఆ తర్వాత ఫోటోల్లో ఆమె ఎప్పుడూ అంచునే ఉంది, పళ్ళెం పట్టుకున్న చేయిగానో, సగం తెగిన భుజంగానో. ఇప్పుడు ఆసుపత్రిలో ఉండి తాగుడు మానేసి వచ్చాడు. మనిషి మెల్లగా మనిషిలోకి వస్తున్నాడేమో. ముందు కళ్ళు తెరుచుకుని ఉంటాయి, ఆ కళ్ళకి మొదట పెళ్ళామే కనబడి ఉంటుంది. అలా అనుకుంది. అనుకున్నందుకు సిగ్గు కూడా వేసింది, ఈ వయసులో. ఆ సాయంత్రం బంగాళదుంపల సూపు కాచి, దానిలోకి నంజుకోను ఆ ఊరి అలవాటు ప్రకారం అతనికిష్టమైన ప్లమ్ కేకు చేసింది.

ఆ ఊళ్ళో తాగని మగాణ్ణి చూస్తే జనం జ్వరమొచ్చిందా అని అడుగుతారు. ఇళ్ళ ముంగిళ్ళలో బల్లలు వేసి ఎవరి తోట వైన్ వాళ్ళు అమ్ముకునే ఊరది. వేళ్ళు జారకుండా గుంటలు పెట్టిన అర లీటరు గ్లాసు ఒకటే బల్లంతా తిరుగుతుంది. ఒక గుక్క తాగి పక్కవాళ్ళకి అందించాలి. తాగకుండా అందిస్తే అవమానం, అసలు అందించకపోతే ఇంకా అవమానం. ఇన్నేళ్ళూ ఆ గ్లాసు సిల్కె చేతి మీదుగానే ఫోల్కర్ చేతికి వెళ్ళింది. అతను మానేసి మళ్ళీ మొదలుపెట్టడం ఇంతకు ముందు రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ అత్తగారు ఇర్మ్‌గార్డ్ అదే మాట అంది: "మొగుణ్ణి కాస్త కనిపెట్టుకుని ఉండాలమ్మాయ్. మా రోజుల్లో మేం ఉండలేదూ?" ఆమె ఎంత కనిపెట్టుకుని ఉందో మామగారి కాలేయానికి తెలుసు. కానీ ఆ మాట సిల్కె నోటి దాకా వచ్చి సూపుతో పాటు లోపలికి పోయేది.

ఈసారి ఇంకో చిక్కు ఉంది. పట్నంలో బస్సులు నడిపేవాళ్ళు చాలడం లేదని, నేర్పించి మరీ ఉద్యోగం ఇస్తున్నారు. ట్రాక్టర్ నడిపిన చేతులు కదా, సిల్కె వెళ్ళి పరీక్ష ఇచ్చింది. రమ్మన్నారు. వచ్చే నెల మొదట్లో చేరాలి, వస్తుందో రాదో శుక్రవారంలోగా ఫోన్ చేసి చెప్పాలి. సంగతి తెలిసి అత్తగారు పకపకా నవ్వింది. "బస్సా! మరి కొట్లో వడ్డించేదెవరు, నీ డ్రైవరు టోపీయా? పెళ్ళాం ఊళ్ళు తిరుగుతుంటే మొగుడు ఇంట్లో కూర్చుని తాగక ఇంకేం చేస్తాడే?" అంది. సిల్కె పట్టు వదలలేదు. ఆ ఫోటో తీసేదాకా వదలలేదు. ఆ తర్వాత మనసు మెత్తబడింది. నన్ను చూడ్డం మొదలుపెట్టిన మనిషిని వదిలి పొద్దున్నే ఎలా పోను? బస్సులు ఎక్కడికి పోతాయి, వచ్చే ఏడూ ఉంటాయి. గురువారం ఆసుపత్రి పని అయ్యాక ఫోన్ చేసి రానని చెప్పేద్దామనుకుంది.

గురువారం ఇద్దరూ ట్రామెక్కి రైన్ నది దాటి మన్‌హైమ్ నగరానికి వెళ్ళారు. అక్కడి ఆసుపత్రిలో మందు మానేసినవాళ్ళ మెదడును స్కానింగ్ చేసి, ఎవరు మళ్ళీ మొదలుపెడతారో ముందే చెప్పగలమా అని పరిశోధన చేస్తున్నారు. మనిషిని గొట్టంలాంటి మిషన్లో పడుకోబెట్టి, కళ్ళ ముందు బొమ్మలు చూపిస్తారు. వాళ్ళింట్లో తీసిన ఫోటోలే కావాలన్నారట. గ్లాసు ఫోటో కోసం సిల్కెయే దాన్ని కడిగి, తుడిచి, వెలుగులో పెట్టింది. స్కానింగ్ సోమవారమే అయిపోయింది. ఇవాళ ఏం తేలిందో చెబుతారు.

డాక్టర్ బ్రెండెల్ వయసులో సిల్కె కంటే చిన్నది. తెర మీద ఫోల్కర్ మెదడు బూడిద రంగులో ఉంది, మధ్యలో నిప్పురవ్వల్లా ఎర్రటి చుక్కలు.

"ఇది జోస్యం కాదు, అంచనా. కానీ దాచడం ఎందుకు? మళ్ళీ తాగే ప్రమాదం ఎక్కువగానే కనిపిస్తోంది. మొదటి మూడు నెలలూ చాలా జాగ్రత్తగా ఉండాలి" అంది డాక్టరు.

"సిల్కె ఉందిగా" అన్నాడు ఫోల్కర్. గొళ్ళెం ఉందిగా అన్నట్టు అన్నాడు.

"ఈ ఎర్రచుక్కలు ఎలా వస్తాయి?" అడిగింది సిల్కె.

"రెండు రకాల బొమ్మలు చూపిస్తామండీ. ఒకటి మందుకు సంబంధించినవి. రెండోది, చూస్తే ఏమీ అనిపించని మామూలు వస్తువులు. ఆయన్నే ఎంచుకోమన్నాం. మందు బొమ్మలకు మెదడు ఎంత వెలిగిందో చూసి, అందులోంచి మామూలు బొమ్మల లెక్క తీసేస్తాం. మిగిలిందే ఇది." డాక్టరు ఏదో నొక్కింది. తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే వచ్చాయి. గ్లాసు, సీసా, వైన్ దాచే నేలమాళిగ తలుపు, బల్ల చుట్టూ నవ్వుతున్న మగాళ్ళు. ఆ తర్వాత బకెట్. చీపురు. బూట్ల అర. బట్టలారేసే స్టాండు.

ఆ తర్వాత సిల్కె.

ఇస్త్రీబల్ల వెనక నిలబడి, జుట్టు చెవి వెనక్కి తోసుకుంటూ, పళ్ళు కనబడేలా నవ్వుతోంది.

డాక్టరు ఆమె ముఖం చూసి గబగబా అంది: "మందు బొమ్మల్లో మనుషులున్నారు కదా, అందుకని వీటిలోనూ ఒక మనిషి ఉంటే మంచిదన్నాం. సిల్కె గారూ, ఇది ప్రేమను కొలిచే మిషన్ కాదండీ."

"తెలుసండీ" అంది సిల్కె. మిషన్‌ది తప్పేముంది? ఎంచుకున్నది మిషన్ కాదు.

తిరుగు ట్రాములో పక్కపక్కనే కూర్చున్నారు. కిటికీలోంచి ద్రాక్షతోటలు వరసలు వరసలుగా వెనక్కి పోతున్నాయి.

"కదలకు అన్నావు కదా" అంది సిల్కె.

"కదిలితే మసగ్గా వస్తుంది."

"నేను నవ్వాను ఫోల్కర్."

"నవ్వితే నవ్వావు, ఎవరొద్దన్నారు? నేను తీసింది ఇస్త్రీపెట్టెని. అందులో నువ్వు పడ్డావు, అంతే. దానికింత రాద్ధాంతమా? అక్కడ నా మెదడు తగలబడిపోతుంటే నీకు నీ ఫోటో గొడవా?"

అతని గొంతులో భయం ఉంది. నిజమైన భయమే. సిల్కెకు అది వినబడింది, జాలి కూడా వేసింది. ఇన్నేళ్ళూ ఆ జాలితోనే బండి లాగింది. కానీ ఇవాళ జాలి ఒక పక్క, తను ఒక పక్క విడివిడిగా కూర్చున్నట్టుంది. మధ్యలో నవ్వుతూ ఆ ఇస్త్రీబల్ల మనిషి. పిచ్చిది, సూపు కూడా కాచింది. ప్లమ్ కేకు చేసింది. బకెట్టు, చీపురు ఆ పని చెయ్యలేదు. వాటికి తమ సంగతి తెలుసు.

ఇంటికొచ్చేసరికి ఇర్మ్‌గార్డ్ వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. ఎదురుగా గుంటల గ్లాసులో సోడా కలిపిన వైన్. సిల్కె దానికేసి చూడగానే, "ఏంటా చూపు? ఇది మందా? మన తోట ద్రాక్షరసం, అన్నం లాంటిది" అంది. తర్వాత కొడుకుని అడిగింది, "ఏమన్నార్రా?"

"ప్రమాదం ఎక్కువట. మూడు నెలలు కాపలా కావాలట."

"విన్నావుగా అమ్మాయ్. దేవుడు డాక్టరు నోటితో చెప్పించాడు. ఇంక ఆ బస్సు గోల కట్టిపెట్టు. వాడికేమన్నా అయితే నీదే పూచీ, ఊరంతా నిన్నే అంటుంది."

అంటుంది. సిల్కెకు ఆ సంగతి తెలుసు. తను వెళితే అతను తాగొచ్చు. ఉన్నా తాగొచ్చు. తాగితే ఏమవుతుందో మామగారి రుమాళ్ళు ఇస్త్రీ చేసిన చేతులకి తెలియదా? అయినా సంచిలోంచి ఫోన్ తీసింది. బస్సుల ఆఫీసులో ఎవరో ఆడమనిషి పలికింది.

"నేను సిల్కెనండీ, ట్రాక్టర్ నడిపే ఆవిడని. వస్తున్నాను. అవునండీ, ఒకటో తారీకు నుంచే."

ఇర్మ్‌గార్డ్ నోరు తెరిచింది. "ఎంత గుండెలే నీకు! నువ్వు పోతే వీడి గతేంటి? ఇంట్లో ఎవరుంటారే?"

సిల్కె ఫోల్కర్ వైపు చూసింది. అతను ఆమెను చూడటం లేదు. తల్లి ముందున్న గ్లాసు మీద నుంచి నీటిచుక్క ఒకటి మెల్లగా గుంటలోకి జారుతుంటే దాన్నే చూస్తున్నాడు.

"ఆ ఫోటోలో ఉన్నది ఇస్త్రీపెట్టె అత్తయ్యా" అంది సిల్కె. "అది ఇంట్లోనే ఉంటుంది."