హెస్టర్ కప్పులో టీ ఎటు ఒరిగింది

ఇంగ్లండు తీరాన, రామ్స్‌గేట్ రేవు పక్కనున్న ఆ ఇంట్లో పొద్దున్నే అందరికంటే ముందు కూసేది కెటిల్. హెస్టర్ లేచి రెండు కప్పుల్లో టీ పోస్తుంది. మొగుడు లయనెల్‌కి అంచుదాకా, తనకి సగానికి. అంతకుమించి పోసినా దండగే, ఆమె కప్పులో టీ ఎప్పుడూ ఫ్రాన్సు వైపు ఒరిగి ఉంటుంది మరి. బల్ల వంకర కాదు, కప్పు వంకర కాదు. లోపలి టీ మాత్రం ఆగ్నేయానికి వాలి నిలబడుతుంది. పసితనంలో పాలసీసాలో పాలూ అలాగే వాలేవని వాళ్ళమ్మ చెప్పేది. రేవులో ఎవరికీ అది వింత కాదు. పొగమంచు కమ్మిన రోజున జాలర్లు గుమ్మంలో నిలబడి, “హెస్టరమ్మా, ఓ కప్పు టీ పోసుకుందూ, ఆగ్నేయమెటో చూసుకుని పోతాం” అని వేళాకోళమాడేవాళ్ళు.

టీ ఒరిగితే తుడుచుకోవచ్చు. ఆమెకి అసలు బాధ కుదురు లేకపోవడం. కుర్చీలో కూర్చుంటే కిటికీ పిలుస్తుంది, కిటికీ దగ్గరకి పోతే గుమ్మం పిలుస్తుంది. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా ఆ ఇంట్లో ఒక్క భోజనమైనా ఆమె నిమ్మళంగా కూర్చుని తినలేదు. తన బతుకు అవతలి ఒడ్డున ఎక్కడో ఎదురుచూస్తోందని ఆమె నమ్మకం. జనాన్ని దాటించే ఫెర్రీ ఓడ ఎక్కి చూసి రావచ్చు కదా అంటే, వెళితే నాన్న ఇచ్చిన ‘డన్లిన్’ మీదే వెళతానని పంతం. ఆ తెరచాప పడవ కాగితాల్లో ఆమె పేరునే ఉంది. లయనెల్ ఏటా “ఈ వేసవికి తప్పకుండా” అనేవాడు, వేసవి రాగానే గాలి బాగాలేదనేవాడు.

చివరికి ఆయన మోకాళ్ళు మొరాయించాయి. పడవని అవతలి ఒడ్డున, ఫ్రాన్సు రేవు కాలేలో డెల్బెక్ అనే ఆయనకి అమ్మేద్దామన్నాడు. దాన్ని అక్కడ అప్పగించి ఫెర్రీలో తిరిగొచ్చేయడమని ఏర్పాటు. నాన్న పడవని అమ్మనంటుందేమోనని భయపడ్డాడు గానీ, హెస్టర్ వెంటనే సరేనంది. పడవలోని మంచం కింద ఆమె ఒక సంచీ దాచింది. తిరుగు ఫెర్రీ ఎక్కే ఉద్దేశం ఆమెకి లేదు. లయనెల్ మీద కోపమా అంటే అదీ కాదు, మంచివాడే. మంచితనం ఆమెని కుర్చీలో కూర్చోబెట్టలేకపోయింది, అంతే.

బయల్దేరిన పూట గాలి అనుకూలంగానే ఉంది. చుక్కాని లయనెల్ పట్టాడు. ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ మధ్యనున్న జలసంధిలో ఓడలకి రెండు దారులు, పోయేవాటికి ఒకటి, వచ్చేవాటికి ఒకటి, మధ్యలో ఖాళీ నీళ్ళు. అడ్డొచ్చే చిన్న పడవ ఆ దారికి సరిగ్గా అడ్డంగా ముక్కు పెట్టి చకచకా దాటాలి. ప్రవాహం తనని పక్కకి లాగేస్తోందని లయనెల్ కంగారుపడి, ముక్కుని ఏటవాలుగా ఎదురు తిప్పాడు. దాంతో పడవ ఓడల దారిలో పాకుతూ ఉండిపోయింది.

రేడియోలో తీర కాపలావాళ్ళ గొంతు కయ్యిమంది. “డన్లిన్, ఏం చేస్తున్నారండీ అక్కడ? దారి దాటుతున్నారా, కాపురం పెడుతున్నారా?”

ఎడమవైపు నుంచి మేడంత సరుకు ఓడ వస్తోంది. దాని కూతకి లయనెల్ కొయ్యబారిపోయాడు.

“ఇలా ఇవ్వు,” అంది హెస్టర్.

“పక్కకి కొట్టుకుపోతాం హెస్టర్!”

“పోనీ! ముందు దారి దాటనీ. పక్కకి లాగిన నీళ్ళే ఆటుపోటు మారాక వెనక్కి తెస్తాయి.”

చుక్కాని అందుకుని ముక్కుని దారికి అడ్డంగా తిప్పింది. తెరచాప ఒక్కసారి కొట్టుకుని నిండింది. ఓడ వాళ్ళ వెనకగా వెళ్ళిపోయింది. దాని అలల మీద డన్లిన్ ఎగిరెగిరి పడింది. హెస్టర్‌కి భయం వేసింది, అంతకు రెట్టింపు సంతోషం వేసింది.

మధ్య ఖాళీ నీళ్ళలోకి వచ్చాక ఆమె ఫ్లాస్కు తీసి, అలవాటు కొద్దీ కప్పు సగానికి పోసింది. పడవ ఊగుతోంది. కప్పులో టీ ఊగలేదు, ఒరగలేదు. అద్దంలా సమంగా నిలబడింది. అంచుదాకా పోసి చూసింది. చుక్క ఒలకలేదు.

“ఈసారి బట్టలు ఉతికే పని తప్పింది,” అన్నాడు లయనెల్.

ఫ్రాన్సు దగ్గరపడింది కదా, అందుకే అనుకుందామె. పరాయి దేశపు రేవుకి పోయే పడవల ఆనవాయితీ ప్రకారం కుడివైపు తాడుకి ఫ్రాన్సు జెండా ఎగరేసింది.

కాలేలో సముద్రపు పోటు వచ్చి రేవు గేటు తెరిచేదాకా ఆగి లోపలికి వెళ్ళారు. డెల్బెక్ రేవు పక్క కాఫీ కొట్లో కాగితాలు పరిచి కూర్చున్నాడు. హెస్టర్ ముందు నిండు కప్పు పెట్టారు. ఆమె కప్పు మీదికి వంగి చూసింది. కాఫీ నెమ్మదిగా వాయవ్యానికి, వాళ్ళు వచ్చిన సముద్రం వైపే వాలి, డెల్బెక్ చొక్కా చేతి మీద పడింది.

“ఫరవాలేదమ్మా,” అని ఆయన రుమాలుతో తుడుచుకున్నాడు. “మీ కాఫీకి సముద్రం మీద మనసున్నట్టుంది.”

అక్కడుంటే ఇటు, ఇక్కడుంటే అటు. నడిమధ్య సమం. హెస్టర్‌కి ఏడుపు ముంచుకొచ్చింది. ఇన్నేళ్ళూ ఒడ్డు కోసం ఏడ్చింది, ఆమె చోటేమో నీళ్ళలో ఉంది. సంతకానికిచ్చిన కలానికి మూత పెట్టి డెల్బెక్‌కి తిరిగిచ్చేసింది.

“క్షమించండి. పడవ అమ్మను.”

డెల్బెక్ ఆమెని చూశాడు, తడిసిన చొక్కా చేతిని చూసుకున్నాడు, కాగితాలు మడిచాడు.

లయనెల్ తన కప్పు పక్కకి జరిపాడు. “మరి ఇంటికి?”

“నువ్వు ఫెర్రీలో వెళ్ళు. నీ మోకాళ్ళకి అదే మేలు. నేను డన్లిన్‌ని తోలుకొస్తాను. వస్తూ ఉంటాను, పోతూ ఉంటాను.”

“వస్తావా?”

“వస్తాను లయనెల్.”

ఆయన లేచి తన ఉన్ని స్వెట్టర్ విప్పి ఆమె ఒళ్ళో పెట్టాడు. “మంచం కింద నీ సంచీ చూశాను. అందులో అన్నీ పెట్టావు గానీ చలికి ఒక్కటీ పెట్టలేదు.”

మర్నాడు గేటు తెరవగానే ఆమె ఒక్కతే బయల్దేరింది. ముక్కు అడ్డంగా పెట్టి మొదటి దారి దాటింది. ఖాళీ నీళ్ళలో కప్పు అంచుదాకా నింపుకుని, చుక్కానికి ఆనుకుని కూర్చుంది. దూరంగా ఫెర్రీ పోతోంది. దాని రెయిలింగు దగ్గర స్వెట్టర్ లేని మనిషి ఒకడు చెయ్యి ఊపుతున్నాడు. ఆమె కప్పు పైకెత్తి చూపించింది.

తర్వాత టీ చల్లారిపోయింది. హెస్టర్‌కి లేవాలనిపించలేదు.