స్తంభాలు లేని చర్చి

అది కాదు బిడ్డా, కొట్టేసి రాయి, జారింది ఏలియా కాదు, మోకు. పైకి గుంజే మోకు జారి, కప్పు రేకులు మోసే ఇనుప కైంచీ గోడకు గుద్దుకుంటే కూలికచ్చిన ఏలియా అరచేతుల తోలు లేసిపోయింది. ఎమర్జెన్సీ పోయిన మరుసటేడు అది. వర్ధన్నపేట రోడ్డు మీది ఒక ఊర్ల కొత్త చర్చి కడ్తాండ్రు. ఈ గోడకెల్లి ఆ గోడ దాక కైంచీలు పరిచి, మీద రేకులేసుడు. నడుమ ఒక్క స్తంభం ఉండది. ఏలియా చేతులకు పాత గుడ్డ చుట్టుకొని మళ్ల మోకు పట్టిండు.

"ఇంటికి పోరాదుర" అన్నడు తోటి కూలి మొగిలి.

"నేను పోతె నువ్వేసిన ముడి ఊడి మా అమ్మ నెత్తినే పడ్తది."

వానికి అమ్మ ఫికరే. పాత చర్చిల స్తంభాల ముంగట పెద్దకులపోళ్లు, ఎనుక మనోళ్లు. వాళ్లమ్మ మరియమ్మ పెండ్లయి వచ్చిన కాన్నుంచి స్తంభం ఎనుకనే కూసున్నది. ప్రార్థన చెవులతోని వినుడే గని, పీఠం ఎన్నడు సూడలే. ఇప్పుడు కండ్లకు పొర కమ్ముతాంది. కండ్లు పోకముందు ఒక్కసారన్న అమ్మకు పీఠం సూపియ్యాలె, గదే వాని ఆశ.

"ఇగ స్తంభాలు లేవే అమ్మా. ముంగట్నే కూసుంటవు."

"నాకెందుకురా గంత సోకు" అనుకుంటనే ముసల్ది మంచి చీర ఉతికి ఆరేసుకున్నది.

చర్చి తెరిచిన ఆదివారం పోతే లోపల కండ్లు తిరిగేంత జాగ. ముంగట సగానికి పెద్దకులపోళ్లు చాపలు పరుచుకొని కూసున్నరు. చాపలయినంక కొంత ఖాళీ. ఆ ఎనుక వట్టి గచ్చు మీద మనోళ్లు. ఎవ్వలు చెప్పలే. పాత చర్చిల ఎంత ఎనుక కూసునేటోళ్లో, గంతెనుకనే కాళ్లు ఆగినయి.

ఏలియా అమ్మ చెయ్యి పట్టి ముంగటికి నడిపిచ్చిండు. చాప అంచు కాడ చర్చి పెద్ద ఇన్నారెడ్డి మెల్లగ నవ్విండు.

"మరియమ్మా, ఎనుక గాలి మంచిగొస్తది. ఆడ కూసో."

"అయ్యా, ఆమెకు కండ్లు ఆనయి."

"కండ్లు ఆనకున్న దేవుడు కనవడ్తడు తీయ్‌రా."

మరియమ్మ చెయ్యి ఇడిపిచ్చుకొని ఎనుకకు మర్లింది. గచ్చు మీద కూలవడి, ఒరుగుదామని చెయ్యి ఎనుకకు పెట్టి తడిమింది. గాలే తగిలింది. ఇన్నేండ్లు ఏ స్తంభం పీఠాన్ని దాసిందో, దానికే నడుమానిచ్చి బతికింది. ఇప్పుడు అదీ లేదు. గంత వెడల్పు హాల్ల అందరికి కనవడుడు సిగ్గనిపిచ్చి, కొంగు కండ్ల మీదికి గుంజుకున్నది.

పాట అయిపోయింది. అందరు కూసున్నరు. ఏలియా నడుమ ఖాళీల నిలవడ్డడు.

"కూసోరా" అన్నరు ముంగటోళ్లు.

"కూసో బిడ్డా, నీ కాళ్లు మొక్కుత" అన్నరు ఎనుకోళ్లు.

వాడు ఎటూ కూసుండలే.

రాసుడు గీడికాపు బిడ్డా. ములుగుల మీ మేనత్త ఉన్నది సూడు, దానికి గూడ నాలెక్కనే సదువు రాదు. పోయినప్పుడు ఇది జర నిదానంగ సదివి ఇనిపియ్యి.