గిరిజ బ్రేకు తొక్కిన రోజు

రేస్ ట్రాక్ మీద సొంత కారు నడపడానికి గిరిజ పేరు నమోదు చేసుకుందన్న సంగతి విన్నప్పుడు వెంకటేశ్వర రావు దోసె తిరగేస్తున్నాడు. తిరగేశాక, స్టవ్ తగ్గించి అడిగాడు.

"మన కారా?"

"మన కారేనండీ."

"కోంబీనా?"

వాళ్లకున్నది ఒకటే కారు. బూడిదరంగు స్కోడా, వెనక పెద్ద డిక్కీ ఉండే రకం. జర్మనీలో దాన్ని కోంబి అంటారు. పిల్లలున్న ఇళ్ల ముందు, ఫర్నిచర్ దుకాణాల ముందు కనిపిస్తుంది. రేస్ ట్రాక్ ముందు కనిపించదు.

వెంకటేశ్వర రావు ఎష్‌బోర్న్ అనే జర్మన్ ఊళ్లో ఇన్సూరెన్స్ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ చేసే కన్సల్టెంటు. ఏ పని చేస్తే ఏం విరుగుతుందో ఆలోచించడం అతని ఉద్యోగం. ఇంటికొచ్చాక కూడా ఆ ఉద్యోగం దిగేది కాదు. గిరిజ అదే ఊళ్లో ఇంకో ఆఫీసులో టెస్టర్. ఇద్దరిదీ కాకినాడ. పెళ్లయ్యాక ఆమె అతన్ని అడగకుండా చేసిన పెద్ద పని ఇదొక్కటే కాబట్టి, అతను దోసె మాడ్చేశాడు.

గిరిజ కారణం చెప్పలేదు. అతనూ ఆ రోజు అడగలేదు.

కారణం కిందటి నవంబరులో ఉంది. గిరిజ అక్క కూతురు భావన మాగ్డెబర్గ్‌లో మాస్టర్స్ చదువుతోంది. ఆ అమ్మాయిని చూడ్డానికి ముగ్గురూ కార్లో బయల్దేరారు. గిరిజ నడుపుతోంది. పక్కన వెంకటేశ్వర రావు, వెనక కూతురు రిషిత, ఇద్దరూ నిద్రలో ఉన్నారు. ఆటోబాన్ హైవే మీద ఒక మిట్ట దాటేసరికి దిగువన బళ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. గిరిజ బ్రేకు తొక్కింది. తొక్కింది గానీ సగమే తొక్కింది. గట్టిగా తొక్కితే కారు జారుతుందేమో అనుకుంది. పిల్ల మెడ పట్టేస్తుందేమో అని కూడా అనుకుంది. అంత తక్కువ సమయంలో మనిషి అన్ని అనుకోగలదని ఆమెకు అప్పుడే తెలిసింది. కారు చివరికి ఆగింది. ముందున్న లారీ వెనక తలుపు మీద దుమ్ములో ఎవరో వేలితో నవ్వుతున్న మొహం గీశారు. ఆ మొహానికి ఒక పన్ను లేదు. అది కనిపించేంత దగ్గరలో ఆగింది.

వెంకటేశ్వర రావు ఒక కన్ను తెరిచి, "వచ్చేశామా?" అన్నాడు.

"లేదండీ. ట్రాఫిక్."

అతను మళ్లీ నిద్రపోయాడు.

ఆ తర్వాత గిరిజ ఆటోబాన్ ఎక్కలేదు. ఒకసారి నడుం నొప్పి అంది, ఒకసారి పర్యావరణం అంది. మాగ్డెబర్గ్‌కు రైల్లో వెళ్లసాగింది. ఎప్పుడూ ఆలస్యమయ్యే జర్మన్ రైళ్ల సంగతి తెలిసిన వాళ్లెవరైనా ఇందులో ఏదో ఉందని కనిపెట్టి ఉండాలి. ఎవరూ కనిపెట్టలేదు.

ట్రాక్ మాట ఎత్తినవాడు కౌశల్. ఆమె టీమే, వరంగల్ కుర్రాడు. జీతమంతా ఒక చిన్న నీలం కారు మీద పెట్టి, వీలున్నప్పుడల్లా పాడర్‌బోర్న్ అవతల కొండల్లో ఉన్న ట్రాక్‌కు పోయి తిప్పుకొస్తుంటాడు. ఒకరోజు క్యాంటీన్‌లో ఆ కబుర్లే చెబుతున్నాడు.

"రేసు గాదక్కా. ఎవ్వలూ పోటీ పడరు, టైమింగ్ గూడ పెట్టరు. ఫస్ట్ టైమ్ వచ్చినోళ్ల పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూసుంటరు. మొదాలు బ్రేక్ ఎట్ల తొక్కాల్నో నేర్పిస్తరు. సగం మందికి అదే రాదు."

గిరిజ చెంచా కింద పెట్టింది. "నాలాంటి కారు తీసుకురావచ్చా?"

"బ్రేకులుంటే సాలు," అన్నాడు కౌశల్.

అలా మొదలైంది.

ముందు బ్రేక్ ఆయిల్ మార్పించమన్నాడు కౌశల్. పాతబడితే అందులోకి నీరు చేరుతుందట. ట్రాక్ మీద వేడికి అది ఉడికిపోయి, తొక్కితే పెడల్ మెత్తగా లోపలికి పోతుందట, కారు మాత్రం ఆగదట. గిరిజ ఆ మాట విన్న రోజే కార్లు బాగుచేసే వెర్క్‌స్టాట్‌కు ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకుంది. మెకానిక్ ముందు చక్రాల బ్రేక్ ప్యాడ్లు కూడా మార్చి, ఎక్కడికైనా దూరం వెళ్తున్నారా అని అడిగాడు. రేస్ ట్రాక్‌కు అని గిరిజ చెప్పింది. అతను కారు వైపు చూశాడు. వెనక సీటులో పిల్లల కుర్చీ, దాని మీద సగం కొరికిన బ్రెత్సెల్ రొట్టె ఉన్నాయి. "సెలవులు బాగా గడపండి," అన్నాడు.

వెంకటేశ్వర రావు తన వంతుగా ఇన్సూరెన్స్ పాలసీ మొదటి నుంచి చివరిదాకా చదివాడు. జర్మన్‌లో ఇంత పొడవైనది అతను ఇంతకుముందు ఎన్నడూ పూర్తి చేయలేదు.

"రేసు అయితే క్లెయిమ్ డబ్బులు ఇవ్వరు. ట్రైనింగ్ అయితే ఇవ్వొచ్చు," అన్నాడు.

"నాది ట్రైనింగేనండీ."

"ఇవ్వొచ్చు అన్నాను. ఇస్తారు అన్లేదు."

ఆ తర్వాత డిక్కీ ఖాళీ చేయాల్సి వచ్చింది. కారులో వదులుగా ఏ వస్తువూ ఉండకూడదన్నది నియమం. బియ్యం సంచి, గొడుగులు, వాపసు ఇవ్వాల్సిన ఖాళీ సీసాలు, రిషిత మంచులో జారే స్లెడ్జ్, ఎవరివో తెలియని చెప్పులు బయటికొచ్చాయి. రావలసింది మాత్రం రాలేదు. కారు ఇరుక్కుపోతే లాగడానికి వీలుగా ముందు వైపు బంపర్‌లో ఒక ఇనుప కొక్కెం బిగించాలి. అది స్టెప్నీ పక్కన ఉంటుందని పుస్తకంలో రాసి ఉంది. స్టెప్నీ పక్కన దాని ఆకారంలో గుంట ఉంది.

"ఏవండీ, ఇక్కడుండాల్సిన ఇనుప ముక్క ఏదీ?"

వెంకటేశ్వర రావు కాసేపు ఆలోచించి, పైకి వెళ్లి, దేవుడి అలమరలోంచి దాన్ని తీసుకొచ్చాడు. కారు కొన్న రోజు పూజ చేసినప్పుడు కొబ్బరికాయ కొట్టడానికి ఏదీ దొరకలేదు. అప్పట్నుంచీ ప్రతి పండక్కీ అదే వాడుతున్నారు.

"గట్టిది," అన్నాడు అతను, దాని తరఫున మాట్లాడుతున్నట్టు.

కొక్కెం బిగించే పని అతనే తీసుకున్నాడు. చాలాసేపు తిప్పాడు, అది పట్టుకోలేదు. కౌశల్‌కు ఫోన్ చేస్తే దాని మర ఎడమ వైపు తిరుగుతుందని తేలింది. "అన్నా, ఉల్టా తిప్పు," అన్నాడు కౌశల్. అటు తిప్పగానే బిగిసింది. వెంకటేశ్వర రావు లేచి నిలబడి, ఈ దేశంలో తనకు ముందుగా చెప్పని విషయాల్లో ఇదొకటి అన్నట్టు చేతులు దులుపుకున్నాడు.

ఆ రోజు రానే వచ్చింది. వాన కూడా వచ్చింది. రిషితను స్నేహితురాలి ఇంట్లో దింపారు. దిగుతూ ఆ పిల్ల తల్లితో జర్మన్‌లో, "మామా, బిట్టె నిష్ట్ సో లాంగ్‌జామ్," అంది. మరీ నెమ్మదిగా నడిపి పరువు తీయకమ్మా అని దాని భావం. ట్రాక్ దాకా వెంకటేశ్వర రావే నడిపాడు.

ట్రాక్ పక్కనున్న స్థలంలో కార్లు వరుసగా నిలిచి ఉన్నాయి. అన్నీ నేలకు ఆనుకున్నట్టున్న కార్లు, వాటిలో ముందే వచ్చిన కౌశల్ నీలం కారు కూడా. గిరిజ కోంబి వాటి మధ్య, పెళ్లి ఫొటోలో వెనక నిలబడ్డ పొడుగు మేనమామలా ఉంది. పిల్లల కుర్చీ, స్పేర్ టైరు, పులిహోర డబ్బా తీసి తడి నేల మీద పెట్టారు. వెంకటేశ్వర రావు వాటి మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు.

తనిఖీకి వచ్చినాయన చక్రాలు కదిపి చూశాడు, కొక్కెం లాగి చూశాడు. తలుపు తెరిచి, డ్యాష్‌బోర్డ్ మీదున్న వినాయకుణ్ణి పట్టుకుని లాగాడు. రాలేదు. రెండు చేతులతో లాగాడు. జిగురు వేసింది వెంకటేశ్వర రావు.

"ఇది ఉండొచ్చు," అన్నాడు ఆయన.

గిరిజ కౌశల్ ఇచ్చిన రెండో హెల్మెట్ పెట్టుకుని కూర్చుంది. ఇన్‌స్ట్రక్టర్ పేరు ఫ్రావ్ ల్యూడర్స్. అరవై దాటిన మనిషి. రెయిన్‌కోటు, పొట్టి తెల్ల జుట్టు. పక్క సీట్లో కూర్చుని, తన వీధిలో బస్సెక్కినట్టు చుట్టూ చూసింది.

"ఏం నేర్చుకోవాలనుంది మీకు?" అని అడిగింది.

"ఆపడం," అంది గిరిజ.

ఫ్రావ్ ల్యూడర్స్ తల తిప్పి ఆమెను చూసింది. అందరూ వేగం అంటారు కాబోలు. "సరే, పదండి," అంది.

నెమ్మదిగా వెళ్లేవాళ్లు కుడి ఇండికేటర్ వేస్తే వెనకవాళ్లు ఎడమ నుంచి దాటిపోతారు. గిరిజ బయల్దేరిన దగ్గర్నుంచీ ఇండికేటర్ వేస్తూనే ఉంది. దాటాల్సిన వాళ్లందరూ దాటారు. పొడుగాటి రోడ్డు చివర తెల్ల బోర్డు దగ్గర బ్రేకు తొక్కమంది ఫ్రావ్ ల్యూడర్స్. గిరిజ తొక్కింది.

"మీరు బ్రేకును బతిమాలుతున్నారు," అంది ఆవిడ. "బతిమాలకండి. తొక్కండి."

తర్వాతి చుట్టులో ఇంకొంచెం తొక్కింది.

"ఇప్పుడు మర్యాదగా అడుగుతున్నారు. మీ వెనక ఎవరూ లేరు, ముందు ఎవరూ లేరు. చక్రాలు జారకుండా చూసుకునే పని కారుది. కాలితో నెట్టే పని మీది. దాని పని మీరు చేయకండి."

మూడో చుట్టులో తెల్ల బోర్డు వచ్చినప్పుడు గిరిజ తొక్కింది. కాలు తనది కాదన్నట్టు తొక్కింది. పెడల్ కాలి కింద గడగడలాడింది, బెల్టు ఛాతీని పట్టుకుంది, కారు ఎటూ జారకుండా ఉన్న దారిలోనే ఆగిపోయింది. ముందున్న మలుపు వైపు చూసింది గిరిజ. అది ఎక్కడో ఉంది. మధ్యలో ఖాళీగా, తడిగా, బోలెడంత రోడ్డు మిగిలి ఉంది.

ఆ రోడ్డు వైపే చూస్తూ ఉండిపోయింది. హెల్మెట్ లోపల ఏం జరుగుతోందో బయటికి కనిపించదు. ఫ్రావ్ ల్యూడర్స్ అద్దంలో వెనక ఎవరూ రావడం లేదని చూసుకుంది.

"మంచిది," అంది తర్వాత. "ఇక కదలండి. రేస్ ట్రాక్ మీద ఆగకూడదు."

మధ్యాహ్నం ఒక్కతే వెళ్లింది. బాగానే వెళ్లింది. ఒకచోట తనను ఎవరూ దాటలేదని గమనించి సంతోషపడింది, ఆ సంతోషంలో మలుపు కొంచెం ఆలస్యంగా తిప్పింది. కారు గడ్డి మీదుగా వెళ్లి కంకరలో దిగబడింది. ఎర్రజెండాలు ఊగాయి. ఖరీదైన కార్లన్నీ వరుసగా ట్రాక్ వదిలి బయటికి వెళ్లిపోయాయి. ఒక ట్రాక్టర్ వచ్చి, కొక్కేనికి తాడు తగిలించి, కంకర కొబ్బరిపీచులా రాలుతుండగా కోంబిని బయటికి లాగింది.

వెంకటేశ్వర రావు గొడుగు అక్కడే వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. కారు చుట్టూ తిరిగాడు. ఏమీ విరగలేదు. గిరిజ చుట్టూ కూడా తిరిగాడు.

"చాలు. ఇంటికెళ్దాం. ఏం సాధించాలని ఇదంతా?" అన్నాడు. అతను గొంతు పెంచడం అరుదు. పక్క కారు వాళ్లు మర్యాదగా వేరే వైపు తిరిగారు.

గిరిజ హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని, పిల్లల కుర్చీ మీదే కూర్చుని, నవంబరు సంగతి చెప్పింది. మిట్ట, లారీ, పన్ను లేని మొహం, అన్నీ.

అతను వానలో నిలబడి విన్నాడు.

"నేను నిద్రపోతున్నానా?"

"అవునండీ."

"లేచానా?"

"లేచి, వచ్చేశామా అన్నారు."

వెంకటేశ్వర రావు కళ్లజోడు తీసి తడి చొక్కాతో తుడిచాడు. అది ఇంకా మసకబారింది. మళ్లీ పెట్టుకున్నాడు. అపాయాల గురించి అన్నేళ్లుగా ఆలోచించిన మనిషికి, ఒకటి వచ్చి పక్కన కూర్చుని వెళ్లిపోయిందని ఇప్పుడు తెలిసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే ఇక నన్ను నడపనివ్వరని."

అతను పులిహోర డబ్బా తెరిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తింటుంటే కంకర రాళ్లు ఒక్కొక్కటే చక్రాల సందుల్లోంచి ఏరాడు. తర్వాత కౌశల్ దగ్గరికి నడిచాడు.

"కౌశల్, ఆఖరి సెషన్‌కి పక్కన మనిషి కూర్చోవచ్చన్నారు. నీ హెల్మెట్ కొంచెం ఇస్తావా?"

"నువ్వా అన్నా?" అన్నాడు కౌశల్, ఇస్తూనే.

హెల్మెట్ బిగుతుగా ఉండి వెంకటేశ్వర రావు బుగ్గలు ముందుకొచ్చాయి. కళ్లజోడు లోపలికి దూర్చడానికి కౌశల్ సాయం చేశాడు. పొడుగు రోడ్డు మీదికి వచ్చేదాకా అతను తలుపు పైనున్న పిడి పట్టుకుని కూర్చున్నాడు. తెల్ల బోర్డు దగ్గర గిరిజ పూర్తిగా తొక్కింది. అతని నోట్లోంచి చిన్నప్పుడు కాకినాడలో వదిలేసిన మాట ఒకటి వచ్చింది. కారు ఆగింది, మళ్లీ కదిలింది.

"మీకేం కాలేదు కదా?" అంది గిరిజ.

"మళ్లీ తొక్కు," అన్నాడు వెంకటేశ్వర రావు.

మళ్లీ తొక్కింది. ఆ తర్వాత చుట్టులోనూ తొక్కింది. చివరికి బ్రేకుల వాసన వస్తోందని, ఒక చుట్టు నెమ్మదిగా తిప్పి చల్లార్చుకుని రమ్మని జెండా చూపారు.

వేసవి సెలవుల్లో ఒక శనివారం మాగ్డెబర్గ్‌లో భావన తలుపు తీసింది. పిన్ని చేతిలో పచ్చళ్ల సంచి, రిషిత చేతిలో ఐస్‌క్రీమ్. బాబాయ్ బియ్యం సంచి భుజాన వేసుకుని ఇంకా మెట్లెక్కుతున్నాడు.

"అదేంటి పిన్నీ, ఇంత తొందరగా వచ్చేశారు? రైలు టైముకి వచ్చిందా?"

"కార్లో వచ్చాం."

"ఇంత దూరం బాబాయ్ ఒక్కడే నడిపాడా?"

"లేదమ్మా," అన్నాడు వెంకటేశ్వర రావు మెట్ల మీద నుంచి ఆయాసపడుతూ. "నాకు బియ్యం మోసే పని ఒక్కటే ఇచ్చారు."